రంగు వేసే ముందు ఒకసారి గుచ్చి చూడండి

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువజనుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



"న్యాయము, మన ఇల్లు" అని ఈ పూటకు అంశం ఇచ్చారు. భూమి గురించి, ఇళ్ళ పట్టాల గురించి, కులం అడిగి గాని ఇల్లు అద్దెకివ్వని ఓనర్ల గురించి మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. అవన్నీ మాట్లాడవలసినవే. అయితే ఈ పూట మేము అంతకన్నా చిన్న విషయం ఎత్తుకుంటున్నాం. తలుపు చుట్టూ, కిటికీ చుట్టూ బయటివైపు ఉండే కర్ర. అంటే ద్వారబంధం, దాని అంచున కొట్టే బీడింగు, కిటికీ కింది పలక, పైన వాన పడకుండా పెట్టే చెక్క గొడుగు. నీళ్ళు తగిలి అవి ఎలా చివికిపోతాయి, ఎలా బాగుచెయ్యాలి, ఆ బాగుచేతలో ఎవరి ఆరోగ్యం ఖర్చవుతుంది అన్నదే మా మాట.

పాస్టరుగారు వడ్రంగం పాఠం చెబుతారా అని వెనక వరుసలో నవ్వుతున్నారు, వినబడుతోంది. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో మన ప్రభువును సొంత ఊరివాళ్ళు ఏ పని పేరుతో ఎత్తిపొడిచారో మీకు తెలుసు. గ్రీకులో అక్కడున్న మాట తెక్తోన్. కర్రతో, రాతితో ఇళ్ళ పని చేసేవాడు అని అర్థం. నజరేతు లాంటి పల్లెలో అలాంటి పనివాడికి కొత్త మేడలకన్నా పాత తలుపులే ఎక్కువ దొరికి ఉంటాయని మా ఊహ.

ఇక మన సంగతి. మన సంఘాల్లో ఒక అలవాటుంది. నవంబరు చివర కమిటీ కూర్చుంటుంది. "అయ్యగారూ, క్రిస్మస్‌కి రంగులు వేయించాల" అని మొదటి తీర్మానం. చందాలు పోగవుతాయి. డిసెంబరు రెండో వారంలో పెయింటర్లు వస్తారు, నాలుగు రోజుల్లో మందిరం మెరిసిపోతుంది. జూన్ వచ్చేసరికి కిటికీల దగ్గర రంగు బుడగలు లేస్తుంది. గోటితో గీరితే పొరలుగా ఊడి వస్తుంది. మళ్ళీ నవంబరు, మళ్ళీ చందా. పెయింటు కంపెనీని తిట్టుకుంటాం గానీ నెలలు లెక్కపెట్టం.

బెంగళూరు లెక్క ఒకసారి చూడండి. ఈ ఊళ్ళో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. నవంబరులో బంగాళాఖాతంలో తుపాను పుడితే మనకు ఇక్కడ రోజుల తరబడి ముసురు. ఇన్ని నెలలు నీళ్ళు తాగిన కర్రకు డిసెంబరులో ఆయిల్ పెయింటు దట్టంగా పూస్తున్నాం. లోపలి నీరు బయటికి పోయే దారి మూసేస్తున్నాం. తడి బట్టను ప్లాస్టిక్ కవరులో కట్టిపెడితే ఏమవుతుందో హాస్టల్లో ఉన్న మీకు మేము చెప్పనక్కరలేదు.

మేము సేవ చేసే చోట పార్సనేజీ కిటికీలు ఇలాగే ఏడాదేడాదికీ రంగు మింగుతుంటే ఒక వడ్రంగిని పిలిపించాం. హిందూపురం వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే పని. ఆయన రంగు వైపు చూడనే లేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ద్వారబంధం కాలి దగ్గర మెల్లగా గుచ్చాడు. ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు రెండంగుళాలు దిగిపోయింది. పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు. "కర్రకి రోగం ల్యాదు అయ్యగారూ. నీళ్ళు యాడ్నించి దిగతాండాయో అది చూడల్ల ముందు" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఆయన కర్రను ముట్టుకోలేదు. ఇంటి చుట్టూ తిరిగాడు. సన్‌షేడ్ కింద తల పెట్టి చూశాడు. పైపు జాయింటు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అమ్మగారిని పిలిచి, గచ్చు ఎన్ని రోజులకోసారి కడుగుతారో అడిగాడు.

ఆయన వెతికింది ఏమిటో మీకు విడమరచి చెప్పాలి. కర్ర చివకడమంటే ఒక రకం శిలీంధ్రం, అంటే బూజు జాతి, కర్రను తినడం. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. కాని ఎండిన కర్ర మీద అవి బతకవు. కర్ర బరువులో ఐదో వంతుకు మించి నీరు చేరి, అలా నిలిచి ఉంటేనే వాటికి పండగ. అందుకే వెయ్యేళ్ళ నాటి కర్ర పొడిచోట నిలుస్తుంది, నిన్న మొన్నటి కర్ర తడిచోట మూడేళ్ళలో పొడి అవుతుంది. చెద వేరు. చెద పడితే మట్టి దారులు కనబడతాయి, కర్ర లోపల గుల్లయి మట్టి ఉంటుంది. చివికిన కర్ర గోధుమరంగుకు తిరిగి చిన్న చిన్న ఘనాలుగా పగులుతుంది, లేదా తెల్లబడి పీచుపీచుగా ఊడుతుంది. చెద అనుకొని మందు కొట్టించి, నీళ్ళ కారుడు అలాగే వదిలేసినవాళ్ళు మన సంఘాల్లో బోలెడుమంది.

నీళ్ళు దిగే చోట్లు కూడా ఎప్పుడూ అవే. కర్రను నిలువునా చూస్తే సన్నని గొట్టాల కట్ట. పక్కల నుంచి నీరు నెమ్మదిగా ఇంకుతుంది గానీ, అడ్డంగా కోసిన చివర నుంచి మాత్రం గడ్డిపోచ పెట్టి పీల్చినట్టు పీలుస్తుంది. ద్వారబంధం కాళ్ళు నేలలో పాతి ఉండేది ఈ కోసిన చివరలతోనే. శనివారం మనం బకెట్లతో నీళ్ళు పోసి గచ్చు కడిగితే మొదట తాగేది అదే. రెండోది, బీడింగు మూలల్లో రెండు ముక్కలు కలిసే అతుకు. ఎండకు కర్ర ముడుచుకుంటుంది, అతుకు దగ్గర రంగు వెంట్రుకంత చీలుతుంది, ఆ చీలికలోకి నీరు పోతుంది, రంగు వెనకనుంచి ఎండనివ్వదు. మూడోది, సన్‌షేడ్. దాని కింది అంచున చిటికెన వేలు పట్టేంత గాడి ఉండాలి. ఆ గాడి ఉంటే వాన చుక్క అక్కడ తెగి కింద పడుతుంది. లేకపోతే అడుగునే పాకుతూ వచ్చి కిటికీ పై కమ్మి మీద దిగుతుంది. కొత్త ఇళ్ళలో సగం మేస్త్రీలు ఈ గాడి తీయరు. ఎవరూ అడగరు గనుక. కిటికీ కింది పలక బయటికి వాలుగా ఉండాలి. చాలా ఇళ్ళలో అది లోపలికి వాలి ఉంటుంది, దాని మీద పూలకుండీలు, కుండీల కింద ఎప్పుడూ తడి.

మా ఇంటి విషయంలో మూడు దోషాలూ ఉన్నాయని ఆయన తేల్చాడు. రంగు డబ్బాల ఖర్చు ఏమాత్రం లేని దోషాలు.

ఇప్పుడు లేవీయకాండము తెరవండి, పద్నాలుగో అధ్యాయం, 33వ వచనం నుంచి. ఈ భాగం మీద ప్రసంగం మీరు విని ఉండరు. ఇంటి గోడకు పట్టే పొడ గురించి దేవుడు మోషే అహరోనులకు చెప్పిన విధి అది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు, పైకి కనబడే దానికన్నా లోపలికి దిగి ఉంటాయి. మన తెలుగు బైబిలులో దాన్ని కుష్ఠు అన్నారు. హీబ్రూలో త్సారాఅత్ అనే ఒకే మాట మనిషి చర్మానికీ, బట్టకూ, గోడకూ వాడారు. గోడకు కుష్ఠురోగం రాదు కదా, అది చెమ్మ బూజు లాంటిదని పండితులు చాలామంది అంటారు. ఆ ఒక్క మాటను కుష్ఠు అని తర్జుమా చేసినందువల్ల మన దేశంలో కుష్ఠు రోగులు గుడి మెట్ల దగ్గరే కాదు, మందిరం మెట్ల దగ్గర కూడా ఎంత అవమానం మోశారో అది వేరే ప్రసంగం.

ఆ విధి నడిచే క్రమం చూడండి. ఇంటివాడు వచ్చి యాజకుడికి చెబుతాడు. యాజకుడు లోపలికి పోకముందే ఇల్లు ఖాళీ చేయిస్తాడు, ఎందుకంటే తర్వాత ఇల్లు అపవిత్రమని తేలితే లోపలి సామానంతా పోతుంది. పేదవాడి కుండలూ గిన్నెలూ ముందు కాపాడాలన్నది ఆ చట్టంలోని మొదటి జాలి. తర్వాత చూస్తాడు. ఏడు రోజులు ఇల్లు మూసిపెడతాడు. మళ్ళీ వచ్చి చూస్తాడు. మచ్చ పాకి ఉంటే ఆ పాడైన రాళ్ళను మాత్రమే ఊడదీయిస్తాడు, ఇల్లంతా లోపల గీకిస్తాడు, గీకిన పొడిని ఊరి బయట వేయిస్తాడు. ఆ చోట వేరే రాళ్ళు, కొత్త పూత. అప్పటికీ తిరగబెడితేనే ఇల్లు పడగొట్టడం, రాళ్ళూ కర్రలూ పూతా సహా. తిరగబెట్టకపోతే ఇల్లు పవిత్రమని ప్రకటించి పక్షులతో, దేవదారు కర్రతో శుద్ధి చేస్తాడు.

గమనించారా, కూల్చడం ఆఖరి మెట్టు. పైన పూత పూసి కప్పెయ్యడమన్నది ఆ అధ్యాయంలో ఎక్కడా లేనే లేదు. మనం ఈ ఊళ్ళో చేసేవి మాత్రం ఆ రెండే. పేదవాడి ఇంటికి కూల్చివేత, పెద్దవాడి ఇంటికి పూత.

బెంగళూరు పాత బంగళాలు మీరు చూసే ఉంటారు. రిచ్‌మండ్ టౌన్, ఫ్రేజర్ టౌన్, కుక్ టౌన్, వైట్‌ఫీల్డ్ పాత భాగం, మల్లేశ్వరం, బసవనగుడి. కిటికీల మీద, వాకిలి మీద మొనదేలిన చెక్క గొడుగు ఉంటుంది, సన్నని పలకలు పేర్చి, కింది అంచున జాలరు లాగా చెక్కి. దాన్ని ఇక్కడివాళ్ళు మంకీ టాప్ అంటారు. కోతులు ఎక్కి కూర్చునేవి గనుక ఆ పేరు అని చెబుతారు. అది సోకు కోసం పెట్టింది కాదు. ఏటవాలు జల్లును కిటికీ కమ్ములకు తగలకుండా ఆపడం, ఎండను ఆపి గాలిని వదలడం దాని పని. 1898లో ఈ ఊళ్ళో ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో జనం చచ్చిపోయారు. ఆ తర్వాతే గాలీ వెలుతురూ వచ్చేలా పెద్ద కిటికీలతో మల్లేశ్వరం, బసవనగుడి వేశారు. కిటికీ అంటే ఈ ఊరికి ప్రాణం కాపాడిన వస్తువు.

ఆ ఇళ్ళలో చాలావాటి పైన మంగళూరు పెంకులు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల కర్మాగారం పెట్టారు. బాప్తిస్మం తీసుకున్నందుకు కులం వెలివేసి, బతుకుతెరువు పోయిన మనుషులకు పని కావాలని వాళ్ళ పరిశ్రమలు నడిచాయి. దాంట్లో దొరతనం పాలు లేదని మేము అనం, ఉంది. కాని ఒక పెంకు వెనక ఒక కూలీ కుటుంబం అన్నం తిన్నది కూడా నిజమే.

ఇప్పుడు ఆ బంగళాలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మిగిలాయి. స్థలం విలువ కోసం పడగొట్టారు, అది మొదటి కారణం. కాని యజమాని నోట వినబడే మాట వేరు. "కర్రంతా పుచ్చిపోయిందండీ, బాగుచెయ్యలేం" అంటారు. పెంకు ఒకటి జారితే ఎత్తి పెట్టలేదు, చూరు కాలువలో ఆకులు తీయలేదు, ఇరవై ఏళ్ళు నీళ్ళు కారనిచ్చి తర్వాత పుచ్చిపోయిందన్నారు. ప్రసంగి పదో అధ్యాయంలో సోమరితనానికీ కారే ఇంటికీ ఉన్న సంబంధం ఒక్క మాటలో ఉంది, ఇంటికి వెళ్ళాక చదువుకోండి.

బంగళాలు పోతే మనకేం అని మీరు అనవచ్చు. సరే, కోరమంగల పక్కన ఈజిపుర రండి. 1990లలో ఆర్థికంగా వెనుకబడినవాళ్ళ కోసం నగరపాలక సంస్థ అక్కడ బ్లాకులుగా ఇళ్ళు కట్టింది. కట్టి పదిహేనేళ్ళు కాకముందే, 2007లో, ఒక బ్లాకు కూలింది. జనం రేకుల షెడ్లలోకి మారారు. 2013 జనవరిలో ఆ షెడ్లను కూడా పోలీసు బలగాలతో వచ్చి పడగొట్టారు. సుమారు 1500 కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఆ చలిలో చంటిపిల్లలతో కాలిబాట మీద పడుకున్నారు. వాళ్ళకు సామాను తీసుకోమని ముందుగా చెప్పిన యాజకుడు లేడు. ఏడు రోజులు ఆగి చూసినవాడు లేడు. పాడైన రాయిని మాత్రం మార్చుదామన్నవాడు లేడు. పేదల ఇంటికి బాగుచేత అనే మెట్టు అసలు లేకుండా పోయింది. సరిగ్గా కట్టకపోవడం ఒక పాపం, కట్టినదాన్ని చూసుకోకపోవడం రెండో పాపం. ఆ పాపాలు ఎవరు చేసినా శిక్ష మాత్రం అందులో ఉన్నవాళ్ళకే పడింది.

సరే, బాగుచేతకు వద్దాం. మీలో కొందరు అద్దె ఇళ్ళలో ఉన్నారు, కొందరికి ఊళ్ళో అమ్మానాన్నల ఇల్లుంది, అందరికీ ఒక మందిరముంది. పనికొస్తుంది, రాసుకోండి.

పని నెలలు జనవరి నుంచి మార్చి. గాలి పొడిగా ఉంటుంది. మొదట నీటి దారి కట్టెయ్యాలి. పెంకు, పైపు, చూరు కాలువ, సన్‌షేడ్ గాడి. గాడి లేకపోతే గ్రైండరుతో కోయించవచ్చు, లేదా అంచున సన్నని అల్యూమినియం పట్టీ కిందికి వేలాడేలా బిగించినా సరిపోతుంది. ఈ పని చెయ్యకుండా కర్ర ముట్టుకుంటే డబ్బు నీళ్ళపాలే, ఆ మాట ఇక్కడ అక్షరాలా నిజం. తర్వాత బీడింగు ఊడదీయాలి. గోడకూ కర్రకూ మధ్య రంగు పొరను కత్తితో గీసి, పలుచని పట్టీతో మెల్లగా లేపితే విరగకుండా వస్తుంది. మేకులు ముందునుంచి కొట్టి కాదు, వెనకనుంచి లాగాలి. ఊడదీశాక ఎండనివ్వాలి. ఒకటి రెండు రోజులు కాదు, వారాలు. ఇక్కడే కమిటీలకు ఓపిక చాలదు. ఏడు రోజులు మూసిపెట్టి మళ్ళీ చూడమన్న చట్టంలో ఎంత అనుభవముందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎండాక గుచ్చి చూస్తూ గట్టి కర్ర ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టాలి. చివుకు వేలెడంతే ఉంటే గట్టి కర్ర తగిలేదాకా ఉలితో తీసేసి, బొరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటి మందు పూసి, అది ఆరాక ఎపాక్సీ పూరకంతో నింపవచ్చు. గోడకు పూసే లప్పంతో మాత్రం నింపకండి. కర్ర వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, లప్పం కదలదు, మొదటి వేసవికే ఊడి చేతికొస్తుంది. మన మందిరాల కిటికీల్లో సగం లప్పంతోనే నిలబడి ఉన్నాయి.

చివుకు కాలంతా పాకి ఉంటే ద్వారబంధం మొత్తం పీకనక్కరలేదు. గట్టి కర్రలోకి ఇంకో రెండంగుళాలు పైకి జరిగి ఏటవాలుగా కోసి, అదే జాతి కర్రతో అతుకు వెయ్యాలి. ఏటవాలు ఎటుండాలంటే, అతుకులోకి నీరు దిగినా బయటికి జారిపోయేలా. టేకుకు టేకు, మద్దికి మద్ది. చేవ ఉన్న కర్ర కావాలి, తెల్ల కర్ర వద్దు. పడగొట్టిన ఇళ్ళ పాత టేకు అమ్మే కొట్లు ఈ ఊళ్ళో ఉన్నాయి. కొత్త టేకుకన్నా అది నయం, ఆరి ఆరి ఇక కదలని కర్ర. ఇనుప మేకులు తుప్పుపట్టి కర్రను తింటాయి గనుక ఇత్తడి స్క్రూలో, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలో వాడాలి. కాలి కింద కోసిన చివర నేలను తాకకూడదు, చిన్న రాతి దిమ్మ మీద నిలబడాలి. అన్నిటికన్నా ముఖ్యం, బిగించక ముందే ప్రైమరు ఆరు ముఖాలకూ వెయ్యాలి. పైకి కనబడే ముఖానికే వేస్తే ఏం లాభం? నీరు వచ్చేది కనబడని వైపునుంచే. బిగించాక గోడకూ కర్రకూ మధ్య పైనా పక్కలా సీలెంటు పట్టించి, కింద మాత్రం వదిలెయ్యాలి. లోపలికి వచ్చిన నీరు పోవడానికి ఒక దారి ఉండి తీరాలి.

ఎండీఎఫ్ బీడింగు చవక అని బయట కొట్టించకండి. అది నొక్కి అతికించిన కర్ర పీచు. ఒకసారి నీరు తాగి ఉబ్బితే మళ్ళీ వెనక్కు రాదు. యూపీవీసీ పెట్టించుకోవడం తప్పని మేము అనం, చివకదు. కాని దాని వెనక గోడ నెమ్మెక్కితే కనబడదు కూడా.

ఇంతవరకు కర్ర. ఇప్పుడు మనిషి.

పాత రంగు గీకకుండా ఈ పనేదీ జరగదు. పాత రంగులో ఏముంది? సీసం. తెల్ల రంగుకు సీసపు తెలుపు, ఎర్ర రంగుకు సీసపు సిందూరం తరతరాలుగా కలిపారు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలకు మించరాదని నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. అంటే దానికి ముందు వేసిన ప్రతి పొరనూ అనుమానించాల్సిందే. మన పార్సనేజీల కిటికీల మీద అలాంటి పొరలు ఇరవై ఉంటాయి. క్రిస్మస్‌కు ఒకటి చొప్పున.

ఈ సంగతి మీద దేశంలో అందరికన్నా గట్టిగా పనిచేసింది మన బెంగళూరే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో సీసపు విషం మీద జాతీయ రెఫరల్ కేంద్రాన్ని నడిపిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారిని లెడ్ మ్యాన్ అనే పిలిచేవారు. జార్జ్ ఫౌండేషన్ వాళ్ళు 1990ల చివర ఏడు నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు దాటి ఉంది. అప్పట్లో పెద్ద దోషి పెట్రోలు. 2000లో దేశమంతా పెట్రోలులో సీసం ఆపారు. మిగిలిన దోషుల్లో రంగు ఒకటి. సీసం ఇంత మేరకైతే ఫరవాలేదు అనే హద్దు అసలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలను అది నెమ్మదిగా తగ్గిస్తుంది. చదువు రావడం లేదని ఆ పిల్లవాడిని బడిలో కొడతారు.

ఆ పొడి ముందుగా ఎవరి మీద పడుతుంది? ఎండు కర్రను గరుకు కాగితంతో రుద్దే పెయింటరు మీద. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటాడు, అది సీసపు పొడిని ఆపదు. అదే చేత్తో అన్నం తింటాడు. ఆ బట్టలతోనే ఇంటికి పోతాడు. రేకుల షెడ్డులో పాకే పాప వచ్చి ఆ ప్యాంటు పట్టుకుంటుంది. అనంతపురం, మదనపల్లె, పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో రంగులేసే మన తెలుగు బిడ్డలు ఎంతమందో మీకు తెలుసు. ఆదివారం మన వెనక బెంచీల్లో కూర్చునేది వాళ్ళే.

కాబట్టి పద్ధతి ఇది. పాత రంగును పొడిగా రుద్దకూడదు. నీళ్ళు చల్లి తడిపి గీకాలి. బ్లోలాంపుతో కాల్చకూడదు, సీసం పొగగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, గీకిన పెచ్చులన్నీ పోగుచేసి మూట కట్టాలి, తోటలో ఊడ్చెయ్యకూడదు. ఎన్95 మాస్కు మనమే కొనివ్వాలి. సబ్బు, నీళ్ళు, బట్టలు మార్చుకునే చోటు చూపించాలి. సండే స్కూలు పిల్లలనూ గర్భిణీ స్త్రీలనూ ఆ దరిదాపులకు రానివ్వకూడదు. మేడ మీది కిటికీ అయితే నిచ్చెన మీద ఒంటికాలితో నిలబెట్టకుండా పరంజా కట్టించి, బెల్టు ఇవ్వాలి. ఇదంతా కలిపి ఖర్చు కొంత పెరుగుతుంది. పెరగనివ్వండి.

మేము పెద్దల దగ్గర ఈ మాట ఎత్తితే ఒకాయన, మంచివాడే, "అయ్యగారూ, వాళ్ళకది అలవాటే కదా" అన్నాడు. యిర్మీయా ఇరవై రెండో అధ్యాయంలో యెహోయాకీము రాజు సంగతి చదివి వినిపించాం. విశాలమైన ఇల్లు కట్టుకున్నాడు, పెద్ద కిటికీలు తీయించాడు, దేవదారు పలకలు కొట్టించాడు, ఇంగిలీకంతో ఎర్రరంగు వేయించాడు. కిటికీ, చెక్క, రంగు. సరిగ్గా మన పూట అంశమే. ప్రవక్త కోపం ఆ చెక్క మీద కాదు, పనివాళ్ళకు కూలి ఇవ్వలేదని. ఆ రాజు తండ్రి కూడా తిని తాగి సుఖంగానే ఉన్నాడు గానీ దీనుల వ్యాజ్యం చూశాడు, దేవుణ్ణి ఎరగడమంటే అదే గదా అని ప్రవక్త అడుగుతాడు. దైవజ్ఞానానికి ఇంతకన్నా సూటి నిర్వచనం మా సెమినరీ పుస్తకాల్లో మాకు దొరకలేదు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చదివాక మన బీడింగు మేకుల్లో ఎవరి కూలి బిగిసి ఉందో వెతకాలి. కాంట్రాక్టరుకు ఇచ్చేశాం, మా పని అయిపోయింది అంటే కాదు. కాంట్రాక్టరు పనివాడికి ఇచ్చాడా లేదా అని పనివాడినే అడగాలి, సాయంత్రం పొద్దుగూకకముందే.

ఇంకొకటి. 1996లో వచ్చిన చట్టం కింద కట్టడ కార్మికులకు సంక్షేమ బోర్డు ఏర్పడింది. వడ్రంగి, పెయింటరు కూడా అందులో వస్తారు. వయసు 18 నుంచి 60, ముందటి ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు ఉంటే కార్డు వస్తుంది. చాలామంది మన వాళ్ళకు ఆ రుజువు కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళే ఉండరు. మన దగ్గర పని చేసిన రోజులకు మనం కాగితం రాసివ్వవచ్చు. కన్నడం ఫారం నింపడం వచ్చినవాళ్ళు ఈ హాల్లో ముప్పై మందైనా ఉన్నారు.

అద్దె ఇళ్ళవాళ్ళకు ఒక మాట. చేరే రోజునే ద్వారబంధాల కాళ్ళు, కిటికీ పలకలు గుచ్చి చూసి, తేదీ పడేలా ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. లేకపోతే ఖాళీ చేసే రోజు ఆ చివుకంతా మీరే చేశారని అడ్వాన్సులో కోస్తారు. ఊళ్ళో ఇల్లున్నవాళ్ళు ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నగారితో కలిసి స్క్రూడ్రైవరు పట్టుకొని ఇల్లు ఒక చుట్టు తిరగండి.

మా కమిటీ ఈ ఏడాది డిసెంబరు రంగుల చందాను జనవరి పనికి మార్చడానికి ఒప్పుకుంది. అంత సులభంగా ఒప్పుకోలేదు, రెండు మీటింగులు పట్టింది. క్రిస్మస్‌కు మందిరం పాత రంగుతోనే ఉంటుంది. కిటికీల దగ్గర పెచ్చులు కనబడతాయి, ఫొటోల్లో పడతాయి. అడిగినవాళ్ళకు కర్ర ఆరుతోందని చెప్పండి. జనవరి రెండో శనివారం పొద్దున్న ఏడింటికి గీకుడు మొదలు. పాత దుప్పట్లు, నీళ్ళు చల్లే సీసాలు తెచ్చుకోండి. మాస్కులు మేము తెస్తాం. పనివాళ్ళతో పాటు మీకూ టిఫిను అక్కడే, అదే ఇడ్లీ, అదే బల్ల.